కంచ విలువ చెప్పిన విద్యార్థులు

మన జిల్లా పల్లెల్లో 'కంచ' అంటే ఏమిటో ఎవరికీ విడమరచి చెప్పనక్కరలేదు. పశువులు మేసే బీడు అది. శేరిలింగంపల్లి మండలంలో కంచ గచ్చిబౌలి పేరులో మిగిలిన ఆ మాట విలువను 2025లో హైదరాబాద్ విశ్వవిద్యాలయ విద్యార్థులు అందరికీ గుర్తు చేశారు.

ఆరు సూత్రాల పథకం ఫలితంగా 1974లో వెలసిన ఈ విశ్వవిద్యాలయానికి సుమారు 2,300 ఎకరాలు కేటాయించారు. అందులో 400 ఎకరాలను 2003-04లో అప్పటి ప్రభుత్వం ఒక ప్రైవేటు సంస్థకు ఇవ్వగా, 2006లో తర్వాతి ప్రభుత్వం రద్దు చేసింది. వ్యాజ్యం 2024లో ప్రభుత్వానికి అనుకూలంగా ముగిసింది. ఐటి పార్కు కోసమని 2025 మార్చి 30న అక్కడ యంత్రాలు దిగాయి. అడ్డుపడిన విద్యార్థులను పోలీసులు అదుపులోకి తీసుకున్నారు. ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు పనులు ఆపించే నాటికే సుమారు 100 ఎకరాల్లో చెట్లు నేలకూలాయి.

భూమి సర్కారుదేనన్న వాదనలో బలం లేకపోలేదు. అయితే హక్కు వేరు, వాడకం వేరు. ఊరి చెరువు శిఖం కూడా సర్కారుదే. దాన్ని పూడ్చి ప్లాట్లు చేస్తే ఊరు ఊరుకుంటుందా? ఆ రోజుల్లో కొన్ని నకిలీ చిత్రాలు ప్రచారమైన మాట నిజం. అది ఖండించవలసిందే. కాని కూలిన చెట్లు నకిలీవి కావు.

ఏటా జూన్ 5న మొక్కలు నాటి ఫొటోలు దిగితే పర్యావరణాన్ని కాపాడినట్లు కాదు. నాటిన మొక్క నీడనివ్వడానికి ఏళ్ళు పడుతుంది. ఎదిగిన చెట్టు కూలడానికి నిమిషాలు చాలు. జింకలు, నెమళ్ళు, తాబేళ్ళు, వాన నీటిని పట్టి ఉంచే చెరువులు ఉన్న నేలను ముందు నిలపాలన్నదే విద్యార్థుల ఆందోళన సారాంశం. చదువు మాని రోడ్డెక్కారని వారిని తప్పుపట్టడం న్యాయం కాదు.

విశ్వవిద్యాలయాల భూములపై నిర్ణయాలు తీసుకునేటప్పుడు విద్యార్థి ప్రతినిధులను సంప్రదించాలి. హద్దులు సర్వే చేసి అందరికీ తెలియజేయాలి. మన ఊళ్ళలోని కంచలు, శిఖం భూముల హద్దులను కూడా రెవెన్యూ అధికారులు గ్రామసభల్లో చదివి వినిపించాలి. పిల్లలు కళ్ళు తెరిపించారు. పెద్దలు మళ్ళీ మూసుకోరాదు.