సాక్షికే శిక్ష

పాత కారు ఐడిలింగ్ చెడితే సెన్సర్ మార్చడం అలవాటైపోయింది. దోషం మాత్రం తరచూ మరోచోట ఉంటుంది.

సిగ్నల్ దగ్గర ఆగిన పదిహేనేళ్ల నాటి కారును గుర్తుపట్టడం కష్టం కాదు. బండి ఆగినా బానెట్ ఊగుతూనే ఉంటుంది. ఆర్‌పీఎం ముల్లు ఓసారి 600కు జారుతుంది, మరుక్షణం 1,500కు ఎగబాకుతుంది. ఏసీ వేస్తే ఇంజినే ఆగిపోతుందన్న భయంతో డ్రైవరు యాక్సిలరేటర్ మీద నుంచి కాలు తీయడు. డ్యాష్‌బోర్డు మీద పసుపు రంగు ఇంజిన్ బొమ్మ వెలుగుతూనే ఉంటుంది. ఢిల్లీ అయినా, హైదరాబాద్ అయినా ఆ తర్వాతి తంతు దాదాపు ఒకటే. షెడ్డుకు తీసుకెళ్తారు. స్కానర్ తగిలిస్తారు. తెర మీద ఏ సెన్సర్ పేరు కనిపిస్తే దాన్ని మార్చేస్తారు. జేబులోంచి కొన్ని వేలు పోతాయి. వారం తిరక్కుండానే అదే లైటు మళ్లీ వెలుగుతుంది.

ఇందులో మోసం ఉండొచ్చు, ఉండకపోవచ్చు. ఎక్కువ సందర్భాల్లో జరిగేది దర్యాప్తులో పొరపాటు. సెన్సర్ చేసే పని సాక్ష్యం చెప్పడం. తాను చూసింది చెప్పిన సాక్షినే ముద్దాయిగా బోనెక్కిస్తే అసలు దోషి దర్జాగా బయట తిరుగుతాడు. పాత కార్ల విషయంలో మన షెడ్లలోనూ, మన విధానాల్లోనూ కనిపిస్తున్న లోపం ఇదే.

ఈ సెన్సర్లు మన కార్లలోకి వచ్చిన తీరు తెలిస్తే సమస్య మూలం అర్థమవుతుంది. 1990ల దాకా ఐడిలింగ్ అంటే కార్బురేటర్ మీద ఉండే చిన్న స్క్రూ. చెవి రిక్కించి, స్క్రూడ్రైవర్ తిప్పి, ‘స్లో’ సరిచేయడం మెకానిక్ విద్య. 1995లో నాలుగు మెట్రో నగరాల్లో సీసం లేని పెట్రోలు, కొత్త కార్లకు కెటలిటిక్ కన్వర్టర్ వచ్చాయి. ఢిల్లీ కాలుష్యం కేసులో 1999 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ఇచ్చిన ఆదేశంతో, ఆ మరుసటి ఏడాది ఏప్రిల్ నుంచి రాజధాని ప్రాంతంలో ప్రైవేటు కార్లకు యూరో-2 ప్రమాణాలు తప్పనిసరి అయ్యాయి. 2000 ఫిబ్రవరికల్లా దేశమంతటా సీసం కలిసిన పెట్రోలు ఆగిపోయింది. కెటలిటిక్ కన్వర్టర్‌కూ, ఆక్సిజన్ సెన్సర్‌కూ సీసం విషం కాబట్టి ఇది జరగక తప్పదు. 1998లో వచ్చిన శాంత్రో మొదటి నుంచే ఎంపీఎఫ్ఐ ఇంజిన్‌తో వచ్చింది. 1983లో పుట్టిన మారుతీ 800 కూడా 2000లో ఆ బాట పట్టింది. స్క్రూ పోయింది. దాని స్థానంలో కంప్యూటర్ కూర్చుంది. ఉత్తర్వు ఒక్కరోజులో అమల్లోకి వచ్చింది కానీ, లక్షలాది మెకానిక్‌ల చేతుల్లోని విద్య ఒక్కరోజులో మారలేదు.

ఇంతకీ ఐడిలింగ్‌లో జరిగేదేమిటి? యాక్సిలరేటర్ నుంచి కాలు తీయగానే గాలి వెళ్లే ప్రధాన ద్వారం దాదాపు మూసుకుపోతుంది. ఇంజిన్ ఆగిపోకుండా ఓ పక్కదారి గుండా కాస్త గాలి వెళ్తుంది. ఆ దారిలో ఉండే ఐడిల్ వాల్వ్‌ను ఎంత తెరవాలో కంప్యూటర్ నిర్ణయిస్తుంది. ఒక వంతు పెట్రోలుకు 14.7 వంతుల గాలి అన్న లెక్క చెడకుండా, ఇంజిన్ 750-900 ఆర్‌పీఎం మధ్య నడిచేలా చూస్తుంది. వెళ్లే గాలే తక్కువ కాబట్టి ఎక్కడైనా గోటి మందం పగులున్నా అందులోంచి దూరే దొంగ గాలి వాటా పెద్దదవుతుంది. వేగంగా వెళ్తున్నప్పుడు అదే పగులు లెక్కలోకే రాదు. పాత కారు జబ్బులు ముందుగా ఐడిలింగ్‌లో బయటపడటానికి కారణం ఇదే.

స్కానర్ మీద తరచూ కనిపించే పి0171 కోడ్‌నే తీసుకుందాం. మిశ్రమంలో పెట్రోలు తక్కువైందని దాని అర్థం. ఈ మాట చెప్పింది సైలెన్సర్ వైపున్న ఆక్సిజన్ సెన్సర్. వెంటనే దాన్నే మార్చేస్తారు. కొత్త సెన్సర్ కూడా వచ్చి అదే వాంగ్మూలం ఇస్తుంది. ఎందుకంటే రబ్బరు పైపు చిట్లి ఉండొచ్చు, ఇన్‌టేక్ మానిఫోల్డ్ గ్యాస్కెట్ పోయి ఉండొచ్చు, బ్రేక్ బూస్టర్ గొట్టం గాలి తీసుకుంటూ ఉండొచ్చు, పెట్రోలు ఫిల్టర్ పూడుకుపోయి ఉండొచ్చు, పంపు బలహీనపడి ఉండొచ్చు. ఏది నిజమో తేల్చే ఆధారం అదే స్కానర్‌లో ఉంది. కంప్యూటర్ అదనంగా ఎంత పెట్రోలు పోస్తోందో శాతాల్లో చూపే ‘ఫ్యూయల్ ట్రిమ్’ అంకె అది. ఐడిలింగ్‌లో ఎక్కువగా ఉండి 2,500 ఆర్‌పీఎం దగ్గర తగ్గిపోతే దొంగ గాలిని అనుమానించాలి. ఇంజిన్ మీద బరువు పెరిగేకొద్దీ అంకె కూడా పెరుగుతుంటే పెట్రోలు సరఫరాను చూడాలి. ఇందులో మరో మెలిక ఉంది. గాలిని నేరుగా కొలవకుండా మానిఫోల్డ్‌లోని ఒత్తిడిని బట్టి లెక్కగట్టే కార్లు మన దగ్గర చాలా ఉన్నాయి. వాటిలో గాలి లీకైతే మిశ్రమం పలచబడటం కంటే ఐడిలింగ్ పైకి ఎగబాకడమే ఎక్కువ. ఒత్తిడి పెరిగిందని చూసిన కంప్యూటర్ దానికి తగ్గట్టు పెట్రోలూ పెంచేస్తుంది మరి. అంటే ఒకే జబ్బు రెండు కార్లలో రెండు లక్షణాలతో బయటపడుతుంది.

ఇంజిన్ ఉష్ణోగ్రతను చెప్పే సెన్సర్‌ది మరో కథ. వేడి పెరిగేకొద్దీ దాని నిరోధం తగ్గుతుంది. చాలా కార్లలో 20 డిగ్రీల దగ్గర సుమారు 2,500 ఓమ్‌లు, 80 డిగ్రీల దగ్గర సుమారు 300 ఓమ్‌లు ఉంటుంది. ఇంజిన్ చల్లగా ఉందని అది చెబితే కంప్యూటర్ పెట్రోలు ఎక్కువ పోస్తుంది, ఐడిలింగ్ పెంచుతుంది. మైలేజీ పడిపోతుంది, పొగ నల్లబడుతుంది. అప్పుడు అనుమానం సెన్సర్ మీదికే పోతుంది. కానీ మన షెడ్లలో పాత ఆచారం ఒకటుంది. ‘మన ఎండలకు ఇదెందుకు’ అంటూ థర్మోస్టాట్‌ను పీకి పారేస్తారు. అది లేని ఇంజిన్ తెల్లవారుజామున హైవే మీద వెళ్తుంటే నిజంగానే సరిగా వేడెక్కదు. సెన్సర్ చెప్పింది అక్షరాలా సత్యం. కొన్ని వందల రూపాయల థర్మోస్టాట్‌ను తీసేసిన పాపానికి వేల రూపాయల పెట్రోలు అదనంగా కాలిపోతుంది.

కోడ్ తీసేయడానికి బ్యాటరీ టెర్మినల్ విప్పడం మరో చిట్కా. దీంతో లైటు ఆరుతుంది, పాత కార్లలో సాక్ష్యం కూడా చెరిగిపోతుంది. ఐడిల్ వాల్వ్ ఎంత తెరవాలో అన్నాళ్లుగా కంప్యూటర్ నేర్చుకున్న పాఠం కూడా పోతుంది. అందుకే బ్యాటరీ విప్పి పెట్టిన తర్వాత కాసేపు ఐడిలింగ్ మరింత అధ్వానంగా ఉండొచ్చు. సెకండ్‌హ్యాండ్ కారు అమ్మే రోజు ఉదయమే ఈ పని చేసేవారికి కొదవ లేదు. కొనేవారు బండిని కనీసం అరగంట నడిపి, పూర్తిగా వేడెక్కాక ఏసీ వేసి ఐడిలింగ్ చూడాలి. లైటు అప్పుడూ ఆరి ఉందో లేదో చూసుకోవాలి. తాళం తిప్పగానే ఆ లైటు ఒక్కసారైనా వెలగకపోతే బల్బునే మాయం చేశారేమోనని అనుమానించాలి.

సరైన దర్యాప్తు చవకైన చోట మొదలై ఖరీదైన చోట ముగుస్తుంది. ముందు ఎయిర్ ఫిల్టర్, ప్లగ్గులు, రబ్బరు పైపులు. తర్వాత థ్రాటిల్ బాడీలోనూ, ఐడిల్ వాల్వ్‌లోనూ పేరుకున్న మసి. బ్యాటరీ వోల్టేజీ, ఇంజిన్‌కూ బాడీకీ మధ్య తుప్పు పట్టిన ఎర్త్ వైరు. సెన్సర్ కనెక్టర్‌లో చేరిన తేమ. ఇవన్నీ చూశాక మాత్రమే సెన్సర్ వంతు. దాన్నీ మార్చే ముందు మల్టీమీటర్‌తో క్రాస్ ఎగ్జామిన్ చేయాలి. పాత కార్లలో సాధారణంగా ఉండే రకం ఆక్సిజన్ సెన్సర్ వేడెక్కాక 0.1-0.9 వోల్టుల మధ్య గబగబా ఊగిసలాడాలి. ఒకేచోట ఆగిపోతే, కావాలని మిశ్రమాన్ని మార్చి చూడాలి. అప్పుడూ కదలకపోతే సాక్షి నిజంగానే చెడిపోయినట్టు. కదిలిందంటే దాన్ని వదిలేసి దోషిని వెతకాలి.

మరి ఇంత తేలిక విద్య షెడ్లలో ఎందుకు లేదు? నింద మొత్తం మెకానిక్ మీద వేయడం అన్యాయం. విజయవాడ ఆటోనగర్‌లోనైనా, ఢిల్లీ కశ్మీరీ గేట్ చుట్టుపక్కలైనా కస్టమర్ పార్టుకు డబ్బిస్తాడు, ఆలోచనకు ఇవ్వడు. గంటసేపు పైపులు తడిమి, ఐదు నిమిషాల్లో బిగించి ఇస్తే ‘ఈ మాత్రం దానికి ఐదొందలా’ అంటాడు. డబ్బాలోంచి తీసిన కొత్త సెన్సర్ చూపిస్తే నాలుగు వేలు మారుమాట్లాడకుండా ఇస్తాడు. దర్యాప్తుకు వెల లేని చోట తీర్పులే అమ్ముడుపోతాయి.

సమాచారం అందకపోవడం రెండో కారణం. మన దేశంలో కార్లలో స్వీయ పరీక్ష వ్యవస్థ బీఎస్-4తో పాటు 2010 ఏప్రిల్ నుంచి తొలి దశగా, 2013 ఏప్రిల్ నుంచి రెండో దశగా తప్పనిసరి అయింది. అమెరికాలో అన్ని కొత్త కార్లకూ ఉమ్మడి ప్రమాణం 1996 మోడళ్లతోనే వచ్చేసింది. అంటే 2000-2010 మధ్య మన రోడ్లెక్కిన ఎన్నో కార్లు ఎటూ కాని తరం. వాటికి కార్బురేటర్ లేదు, అందరికీ అర్థమయ్యే కోడ్ భాషా లేదు. కంపెనీకో కనెక్టర్, కంపెనీకో పరికరం. ఆ కార్లు చేతులు మారి మారి, కంపెనీ సర్వీస్ సెంటర్ ఖర్చు భరించలేని యజమానుల దగ్గరికి చేరాయి. విడిభాగాలు, పరీక్షా పరికరాలు, సాంకేతిక సమాచారం బయటి షెడ్లకు అందనివ్వడం లేదంటూ 2014 ఆగస్టులో కాంపిటీషన్ కమిషన్ 14 కార్ల కంపెనీలకు రూ. 2,544 కోట్లకు పైగా జరిమానా విధించింది. కంపెనీలు అప్పీళ్లకు వెళ్లాయి. 2022లో కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ ‘రిపేరు హక్కు’పై కమిటీ వేసింది, డిసెంబరులో పోర్టల్ ప్రారంభించింది. పోర్టల్ వల్ల మేలు జరిగినా, వైరింగ్ డయాగ్రమ్‌ను అడిగే హక్కు చట్టంగా మారితే తప్ప వీధి చివరి షెడ్డుకు అది చేరదు.

ప్రభుత్వాల తీరు కూడా షెడ్డుకు భిన్నంగా లేదు. పదేళ్లు దాటిన డీజిల్, పదిహేనేళ్లు దాటిన పెట్రోలు వాహనాలు రాజధాని ప్రాంతంలో తిరగరాదన్న జాతీయ హరిత ట్రైబ్యునల్ మాటను 2018లో సుప్రీంకోర్టు సమర్థించింది. 2025 జులైలో ఢిల్లీ బంకుల్లో అలాంటి వాహనాలకు ఇంధనం పోయరాదన్న నిబంధన తెచ్చి, నిరసనలతో కొద్ది రోజుల్లోనే వాయిదా వేశారు. వయసు కూడా ఒక కోడ్ లాంటిదే. అనుమానించడానికి పనికొస్తుంది, తీర్పు చెప్పడానికి చాలదు. సరిగా చూసుకున్న పదహారేళ్ల కారు, థర్మోస్టాట్ పీకేసిన ఎనిమిదేళ్ల కారు కంటే శుభ్రంగా ఉండొచ్చు. ఏది ఎలాంటిదో చెప్పే కొలత మన దగ్గరే ఉంది. పొల్యూషన్ సర్టిఫికెట్ కోసం ఐడిలింగ్‌లోనే పొగ కొలుస్తారు. కార్బన్ మోనాక్సైడ్ బీఎస్-2, బీఎస్-3 పెట్రోలు కార్లలో 0.5 శాతం, బీఎస్-4లో 0.3 శాతం మించకూడదు. హైడ్రోకార్బన్ల పరిమితి మొదటి వాటికి 750 పీపీఎం, రెండో దానికి 200. మోనాక్సైడ్ ఎక్కువైతే పెట్రోలు ఎక్కువ పడుతోందని, అది మామూలుగా ఉండి హైడ్రోకార్బన్లు పెరిగితే ఎక్కడో మిస్సింగ్ ఉందని అర్థం. ఆ చీటీ నిజానికి ఇంజిన్ రక్తపరీక్ష రిపోర్టు. మనం అందులో చెల్లుబాటు తేదీ మాత్రమే చూస్తాం.

ఇప్పుడు ఈ దర్యాప్తు మరింత అవసరం. 2025 నాటికి పెట్రోలులో 20 శాతం ఇథనాల్ కలపడం దేశమంతటా అమల్లోకి వచ్చింది. ఇథనాల్ పూర్తిగా మండటానికి 9 వంతుల గాలి చాలు. కాబట్టి పాత లెక్కతో నడిచే ఇంజిన్ దాదాపు 8 శాతం ఎక్కువ ఇంధనం పోసుకోవాలి. ఆరోగ్యంగా ఉన్న కారులో కంప్యూటర్ ఆ సర్దుబాటు తానే చేసుకుంటుంది. అప్పటికే ఓ పైపు చిట్లి ఉన్న కారులో రెండు లోట్లూ కలిసి హద్దు దాటిస్తాయి. లైటు వెలుగుతుంది. నేరం ఇథనాల్‌దనే వాదన, సెన్సర్‌దనే వాదన రెండూ వినిపిస్తాయి. పైపును ఎవరూ తడమరు.

కొత్త కారు కొనే స్తోమత లేక పాతదాన్ని నడుపుతున్నవారికి ఈ గందరగోళం ఖరీదైనది. వారి చేతిలో ఉన్న ఆయుధం ఒక్క ప్రశ్న. ‘ఏ పార్టు మార్చాలి’ అని అడగడం మానేసి, ‘ఏం కొలిచారు, ఎంత వచ్చింది’ అని అడగాలి. సమాధానంగా అంకె చెప్పిన మెకానిక్‌కు, పార్టు ఏదీ మార్చకపోయినా, అడిగిన కూలి ఇవ్వాలి.