జరగని చావు వార్త కాదా?

2020 నవంబర్ 3. దుబ్బాక ఉప ఎన్నిక పోలింగ్ రోజు. మా పిన్ని కొడుకు ఊర్నుంచి ఒక క్లిప్ పంపి, కింద ఒక్క ముక్క రాసిండు: "అన్నా, గిది నిజమేనా?" కాంగ్రెస్ అభ్యర్థి చెరుకు శ్రీనివాస్ రెడ్డి టీఆర్ఎస్‌లో చేరుతున్నాడని అందులో ఉంది. చూడ్డానికి అచ్చం టీవీ చానల్ వార్తలాగే ఉంది. పచ్చి అబద్ధం. అభ్యర్థి ఖండించాడు, పార్టీ ఫిర్యాదు చేసింది. కానీ అప్పటికే జనం ఓటు కోసం లైన్లలో నిలబడి ఉన్నారు.

వారం తర్వాత ఫలితం వచ్చింది. బీజేపీ అభ్యర్థి రఘునందన్ రావు 1,079 ఓట్లతో గెలిచాడు. ఆ క్లిప్పే ఫలితాన్ని మార్చిందని నేను అంటే అది ఇంకో పుకారు అవుతుంది. నేను చెప్పేది ఉత్త లెక్క. అప్పట్లో ఒక వాట్సాప్ గ్రూపులో 256 మంది కంటే పట్టేవాళ్లు కాదు. నాలుగు గ్రూపులు నిండితే 1,024 మంది. అంటే ఒక నియోజకవర్గం తీర్పుకీ ఇంకో తీర్పుకీ మధ్య ఉన్న దూరం నాలుగు గ్రూపులూ, ఇంకో యాభై మందీ.

ఇలాంటివి చెప్పినప్పుడల్లా హైదరాబాద్‌లో నా మిత్రులు నవ్వి "వాట్సాప్ యూనివర్సిటీ" అంటారు. పల్లె జనానికి తెలివి లేదు, ఏది పంపితే అది నమ్ముతారు, వాళ్లకి నేర్పాలి అంటారు. ఈ మాటతోనే నాకు పేచీ. ఆ క్లిప్ తయారుచేసినవాడు దాన్ని టీవీ వార్తలా ఎందుకు తయారుచేశాడు? వట్టి మెసేజ్ రాసి పంపొచ్చు కదా? జనం వట్టి మెసేజ్ నమ్మరని వాడికి తెలుసు. చానల్ వాళ్లు కనుక్కునే చెప్తారని జనానికి ఇంకా ఎంతో కొంత నమ్మకం మిగిలి ఉంది. దొంగ ఎత్తుకుపోయింది ఆ నమ్మకాన్ని. మా తమ్ముడు కూడా నమ్మి ఊరుకోలేదు, అడిగిండు. అడగడానికి వాడికి నేను ఉన్నా. ఎవరూ లేనివాళ్లు ఎవర్ని అడగాలె?

ఆ ప్రశ్న నాకు ఊరికే పుట్టలేదు. సిద్దిపేట జిల్లాలో ఒక దినపత్రికకి నాలుగేళ్లు మండల విలేకరిగా పనిచేశాను. 2018 మేలో పిల్లల్ని ఎత్తుకపోయే ముఠాలు తిరుగుతున్నాయని రాష్ట్రమంతా ఫోన్లు మోగుతున్న రోజులు. ఒక రాత్రి ఎనిమిదింటికి మా మండలంలోని ఒక ఊరి సర్పంచ్ ఫోన్ చేసిండు. "పేపర్ సారూ, ఎత్తుకపోయేటోడు దొరికిండు. జెల్ది రాండ్రి, పోరగాళ్లు ఆగేటట్టు లేరు."

బండి మీద పోయేసరికి పంచాయతీ ఆఫీసు ముందర యాభై మంది దాకా ఉన్నారు. ఒకాయన్ని స్తంభానికి కట్టేశారు. పెదవి పగిలి రక్తం కారుతోంది. తెలుగు రాదు. దోమతెరలు అమ్ముకునేవాణ్ణని, సిద్దిపేట బస్టాండు దగ్గర లాడ్జిలో ఉంటున్నానని హిందీలో ఏడుస్తూ చెప్పాడు. లాడ్జి పేరు అడిగి అక్కడికి ఫోన్ చేసి స్పీకర్ ఆన్ చేశాను. లాడ్జి ఆయన మూడు వారాల నుంచి ఉంటున్నాడనీ, ఆధార్ జిరాక్స్ తన దగ్గరే ఉందనీ చెప్పాడు. గుంపు వెనక నుంచి ఒక ముసలామె, "మొన్న మా కోడలు ఈయన కాడనే దోమతెర కొన్నది గదా" అంది. అంతే, గుంపు సల్లబడ్డది. ఎస్సై వచ్చేసరికి ఎవరో ఆయనకి చాయ్ కూడా తెచ్చిచ్చారు.

నేను చేసింది ఒక్క ఫోన్ కాల్. కానీ ఆ గుంపు నా మాట ఎందుకు విన్నది? రోజూ ఆ ఊరి వార్తలు రాసే మనిషిని, రేపు పొద్దున మళ్లీ అదే ఊరికి పోవాల్సినవాణ్ణి. తప్పు చెప్తే కాలర్ పట్టుకోవడానికి దొరికేవాణ్ణి. ఫార్వర్డ్‌కి లేనిదీ, విలేకరికి ఉన్నదీ అదొక్కటే.

ఆ రాత్రే ఆరు లైన్లు రాసి పంపాను. తెల్లారి పేపర్లో లేదు. డెస్క్‌కి ఫోన్ చేస్తే, "అక్కడ ఏం జరగలేదు కదయ్యా. ఇంకేం వార్త?" అన్నారు. అదే నెలలో నిజామాబాద్ జిల్లాలో, బీబీనగర్‌లో, హైదరాబాద్ చాంద్రాయణగుట్టలో ఇదే పుకారుకి మనుషుల్ని కొట్టి చంపారు. అవి పెద్ద వార్తలయ్యాయి. జరిగిన చావుకి పేజీలో చోటుంది, జరగని చావుకి లేదు. నాకు ఆ ఆరు లైన్ల డబ్బులు కూడా రాలేదు.

డబ్బుల సంగతి ఎందుకంటే, అసలు కథ అక్కడే ఉంది. మండల విలేకరికి జీతం ఉండదు, లైన్ అకౌంట్ ఉంటుంది. అచ్చయినదాన్ని కొలిచి ఇస్తారు. అది నెలంతా తిరిగిన పెట్రోలుకి సరిపోదు. మరి ఎట్లా బతకాలి? యాడ్స్ తేవాలి. ఉగాదికి, దసరాకి, ఆగస్టు పదిహేనుకి, నాయకుడి పుట్టినరోజుకి టార్గెట్. కమీషనే మా బతుకు. పుట్టినరోజు యాడ్ ఇచ్చిన నాయకుడి చెరువు మట్టి దందా మీద ఎవడు రాస్తాడు? నేనూ రాయలేదు. నీతిమంతుణ్ణని చెప్పుకోవడానికి ఇది రాయడం లేదు. అక్రిడిటేషన్ కార్డు కోసం, ఇంటి జాగా కోసం ఆఫీసుల ముందు నిలబడ్డవాళ్లలో నేనూ ఉన్నాను.

నేను మానేశాక ఆ మండలంలో ఏం మిగిలిందో చూడండి. ప్రతి పార్టీకీ ఊరూరా గ్రూపు, గ్రూపుకో అడ్మిన్. చాలాచోట్ల విలేకరే ఆ అడ్మిన్. పార్టీ సోషల్ మీడియా వింగ్‌లో కుర్చీ వేసుకుని పోస్టర్లు చేసే పిల్లవాడికి నెల జీతం ఉంది, ఎండలో తిరిగి నిజం కనుక్కునేవాడికి లేదు. అబద్ధం జీతగాడైంది, నిజం కూలీకి పోతోంది. ఇంతకన్నా పెద్ద ప్రమాదం ప్రజాస్వామ్యానికి ఎక్కడో అమెరికా సర్వర్లలో లేదు.

అట్లని ఫోన్‌ని తిట్టిపోసే ముసలి పాట నేను పాడను. 2016 జూలైలో మల్లన్నసాగర్ భూనిర్వాసితుల మీద లాఠీలు లేచినప్పుడు దెబ్బలు తిన్న ఒళ్లు నేను ముందు చూసింది ఫోన్‌లోనే. వేములఘాట్ దీక్షల ఫొటోలు నాకు పేపర్ల కన్నా ఫోన్‌లోనే ఎక్కువ దొరికాయి. నిజానికి దారి మూసుకుపోయినప్పుడు అది ఏ సందులోంచైనా వస్తుంది. అదే సందులోంచి అబద్ధం కూడా వస్తుంది. సందు మూసేస్తామంటున్నవాళ్లని చూస్తేనే నాకు భయం.

ఎవరు వాళ్లు? ఈ విషయంలో మన పాలకులకి పార్టీ తేడా లేదు. 2014 జూన్‌లో తెలంగాణలో టీవీ9, ఏబీఎన్ ఆంధ్రజ్యోతి ప్రసారాలు కేబుల్‌లో ఆగిపోయాయి. ఆ సెప్టెంబర్‌లో, కాళోజీ శతజయంతి నాడు, వరంగల్ సభలో అప్పటి ముఖ్యమంత్రి కేసీఆర్ అలాంటి చానళ్లను పది కిలోమీటర్ల లోతున పాతిపెడతామన్నారు. మా సిద్దిపేట నుంచి ఎదిగిన నాయకుడు, ధిక్కారానికి మారుపేరైన కవి పుట్టినరోజున అన్న మాట అది. 2019 అక్టోబర్‌లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం జీవో 2430 తెచ్చి, తప్పుడు వార్తల మీద కేసులు పెట్టే అధికారం శాఖల కార్యదర్శులకి ఇచ్చింది. వార్త ఎవరి శాఖ మీదో తీర్పరి వాళ్లే.

తెలంగాణలో ప్రభుత్వం మారింది. 2025 మార్చిలో ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డిని ఒక పెద్దమనిషి తిడుతున్న వీడియో పెట్టినందుకు జర్నలిస్టులు రేవతి, తన్వి యాదవ్‌లను అరెస్టు చేశారు. సంఘటిత నేరం సెక్షన్ కూడా పెట్టారు. అది ఇక్కడ చెల్లదని మేజిస్ట్రేటే పక్కనపెట్టాల్సి వచ్చింది. ఆ తిట్లు నాకూ నచ్చలేదు. కానీ తిట్టు వేరు, తప్పుడు వార్త వేరు, మాఫియా వేరు. మూడింటినీ ఒక్క తాడుతో కట్టేవాడికి అబద్ధం మీద కోపం లేదు, విమర్శ మీద కోపం ఉంది. అదే ఏడాది సెప్టెంబర్‌లో తెలంగాణ హైకోర్టు రాజకీయ విమర్శ పోస్టుల మీద యాంత్రికంగా ఎఫ్ఐఆర్‌లు కట్టొద్దని పోలీసులకి మార్గదర్శకాలు ఇవ్వాల్సి వచ్చింది.

ఇప్పుడు మన సంగతి. ఇది చదువుతున్న మీరూ, రాస్తున్న నేనూ. 2025 ఏప్రిల్‌లో కంచ గచ్చిబౌలి చెట్ల మీదికి బుల్డోజర్లు పోయినప్పుడు జింకలు, నెమళ్లు పరుగెడుతున్న ఏఐ బొమ్మలు మన ఫోన్లన్నిటిలో తిరిగాయి. మన పక్షం బొమ్మలే కదా అని నేనూ రెండు పంపాను. చెట్లు కొట్టింది నిజం. సుప్రీంకోర్టు ఏప్రిల్ 3న ఆపమన్నది నిజం. సుమారు వంద ఎకరాలు చదునైంది నిజం. ఇన్ని నిజాలు చేతిలో ఉండగా మనకి బొమ్మ ఎందుకు కావాల్సి వచ్చింది? ఆ బొమ్మలు పట్టుకునే ప్రభుత్వం అంతా ఫేక్ ప్రచారమేనని మొదలుపెట్టింది. అలాంటి ఒక బొమ్మను రీపోస్ట్ చేసినందుకు ఐఏఎస్ అధికారి స్మితా సభర్వాల్‌కి నోటీసు వెళ్లింది. అదే బొమ్మ పంచుకున్న మిగతా రెండు వేల మందికీ ఇదే వర్తిస్తుందా అని ఆమె అడిగారు. న్యాయమైన ప్రశ్నే. కానీ మనం వేసుకోవాల్సిన ప్రశ్న ఇంకోటి ఉంది. ఆ రాళ్ల మధ్య నిజంగా తిరిగి ఫొటోలు తీసిన విద్యార్థుల మాటని, ఇంట్లో కూర్చుని బొమ్మలు పంపిన మనమే కదా పలుచన చేశాం?

ఒక అబద్ధానికి జవాబు ఎట్లా చెప్పాలో తెలంగాణకి తెలియని విద్యేం కాదు. తెలంగాణలో తెలుగు కవులు లేరన్న మాట ఒకటి అచ్చులో వచ్చినప్పుడు సురవరం ప్రతాపరెడ్డి దాన్ని నిషేధించమని నిజాంకి అర్జీ పెట్టలేదు. ఊరూరా కవుల వివరాలు తెప్పించుకుని, 354 మందితో 1934లో గోలకొండ కవుల సంచిక తెచ్చాడు. ఒక్క వాక్యం అబద్ధానికి 354 మంది జవాబు. అది కష్టం, ఖర్చు, టైం పట్టే పని. అబద్ధానికి ఇవేవీ అక్కర్లేదు కాబట్టే, నిజానికి ఎవరో ఒకరు ఇవన్నీ పెట్టుకోవాలి.

2018లో గద్వాల, వనపర్తి ఊళ్లలో పుకారుని ఆపిందీ ఇలాంటి పనే. అక్కడి ఎస్పీ రెమా రాజేశ్వరి పోలీసుల్ని ఇంటింటికీ పంపింది, డప్పు కొట్టించి పాటలు పాడించింది. ఆ జూలైలో వాట్సాప్ కంపెనీ ఫార్వర్డ్‌కి ఐదు చాట్ల హద్దు పెట్టింది, మంచిదే. కానీ ఆ హద్దు కన్నా ముందే డప్పు ఊళ్లోకి వెళ్లింది.

అందుకే నా డిమాండ్లు చప్పగా ఉంటాయి. మండల విలేకరికి నెల జీతం ఇవ్వండి, యాడ్ పుస్తకం ఆయన చేతిలోంచి తీసేయండి. ఏ పత్రికకి ఎంత సర్కారు ప్రకటన పోతోందో ప్రతినెలా గోడ మీద అంటించండి. పార్టీలు తమ సోషల్ మీడియా జీతాల పద్దు ఎన్నికల ఖర్చులో చూపించాలి. మాట మీద అరెస్టులు ఆపాలి. ఇక మనం, ఓటీటీకి నెలనెలా కట్టేవాళ్లం, వార్తకి కూడా కట్టాలి. ఊరికే వచ్చేదాన్ని ఎవడో ఒకడు మన బదులు కొంటూనే ఉంటాడు.

మొన్న అదే సర్పంచ్, ఇప్పుడు మాజీ, ఫోన్ చేసిండు. ఊరి పక్క కంపెనీ కోసం భూములు గుంజుకుంటారని గ్రూపుల్లో ఒక సర్వే కాగితం తిరుగుతున్నదట. "సారూ, నిజమో కాదో జర కనుక్కొని చెప్పుండ్రి" అన్నడు. నేనిప్పుడు హైదరాబాద్‌లో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీకి కంటెంట్ రాస్తున్నాను. అక్కడ ఇప్పుడు విలేకరి ఎవరని అడిగాను. కాసేపు ఆలోచించి, ఆ కాగితం పంపిందే ఆయన అన్నడు.