మన కండ్లకు కూలి కట్టండి

డిగ్రీ చదివి ఖాళీగా ఉన్న మన పిల్లోళ్లు ఈ మధ్య ఒక పని గురించి అడుగుతున్నారు. దాని పేరు ‘మిస్టరీ షాపర్’. కంపెనీ ఒక మనిషిని మామూలు కొనుగోలుదారు మాదిరి తన షాపుకే పంపుతుంది. ఆ మనిషి ఎవరో షాపోళ్లకు తెలీదు. తూకం సరిగా ఉందా, బిల్లు ఇచ్చినారా, మర్యాదగా మాట్లాడినారా అని చూసి రాసి పంపితే కూలి ఇస్తారు. అమెరికాలో 1940ల నుంచే ఈ పని ఉంది.

పెద్దతిప్పసముద్రంలో ఉండి దీంతో బతకొచ్చునా? కష్టం. ఇట్లా తనిఖీ చేయించుకునే కంపెనీల షాపులు, బండ్ల షోరూములు టౌన్లలో ఉంటాయి. మనమైతే మదనపల్లెకు పోవాల. సరుకు ముందు మన డబ్బుతో కొనాల. ఆ డబ్బు, కూలి తర్వాత ఎప్పుడో వస్తాయి. చేతిలో పైసా లేనోడు దీనికోసం అప్పు చేయాల్సిందే. ఇంకో మాట: పని ఇస్తాం, ముందు ఫీజు కట్టమనేవాడు దొంగ. ఒక్క రూపాయి కూడా కట్టొద్దండి.

అయినా ఈ పనిలో మనం పట్టుకోవాల్సిన విషయం ఒకటుంది. అంగడిలో ఏం జరుగుతుందో గల్లాపెట్టె ముందర నిలబడినోడికే తెలుస్తుంది. ఆ చూపుకు వెల ఉందని కంపెనీలే ఒప్పుకున్నాయి. మాలమాదిగలు తరతరాలుగా అంగళ్ల ముందర నిలబడి చూస్తానే ఉన్నారు. చిల్లర చేతికిస్తాడా, పైనుంచి పడేస్తాడా? టీ ఏ గ్లాసులో పోస్తాడు? మన రిపోర్టు అడిగినోడెవడు?

అమెరికాలో నల్లవాళ్లు ఆ రిపోర్టును కోర్టుదాకా తీసుకపోయినారు. బాడుగ ఇల్లు కావాలని ఒక నల్ల మనిషిని, ఒక తెల్ల మనిషిని వేరువేరుగా పంపేవాళ్లు. వర్జీనియాలో నల్లామెకు ‘ఖాళీ లేదు’ అన్నారు, తెల్లాయనకు ‘ఉంది’ అన్నారు. పరీక్ష కోసమే పోయినా, అబద్ధం చెప్పించుకున్న ఆమెకు కేసు వేసే హక్కుందని 1982లో అక్కడి సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది.

మనకు చట్టాలు లేవా? అంటరానితనం పేరుతో అంగడిలోకి, హోటల్లోకి రానీకపోవడం, హోటలు గ్లాసులు ముట్టనీకపోవడం 1955 పౌరహక్కుల రక్షణ చట్టం 4వ సెక్షన్ కింద నేరం. 2005 ఉపాధి హామీ చట్టం 17వ సెక్షన్ సామాజిక తనిఖీ తెచ్చింది. అప్పుడు మన రాష్ట్రంలో కూలోళ్ల ఇండ్లలోని చదువుకున్న పిల్లోళ్లే డబ్బు తీసుకుని, మస్టర్లు పట్టుకుని ఇల్లిల్లూ తిరిగి దొంగ లెక్కలు బయటపెట్టినారు. 2013 ఆహార భద్రత చట్టం కూడా రేషన్ షాపులకు సామాజిక తనిఖీ ఉండాలంటుంది.

అందుకే అడుగుదాం. రేషన్ షాపును, హాస్టల్‌ను, టీ అంగడిని మన పిల్లోళ్లతో తనిఖీ చేయించాల. ముఖం తెలీకుండా పక్క మండలం వాళ్లను పంపాల. ఒక్కడే పోతే కొడతారు, సాక్ష్యమూ ఉండదు. ఇద్దరు పోవాల, ఒకరు మనోడు, ఇంకొకరు పైకులపు స్నేహితుడు. కూలి సర్కారు కట్టాల. రిపోర్టు గ్రామసభలో చదవాల, నేరముంటే కేసు పెట్టాల.

వచ్చే గ్రామసభలో ఈ మాటే అర్జీగా రాసి ఇవ్వండి. తీసుకున్నట్టు సంతకం చేయించుకోవడం మరవకండి.