తప్పు చూపే యంత్రం

ఫలానా సంవత్సరం లీపు సంవత్సరమా, కాదా? ఈ చిన్న ప్రశ్నకు జవాబు చెప్పే ప్రోగ్రాము వ్రాయడం, కంప్యూటరు విద్యలో అక్షరాభ్యాసం చేసేవారికి అనేక దేశాలలో ఇచ్చే తొలి అభ్యాసాలలో ఒకటి. ఢిల్లీ కేంద్రంగా నడిచే సి.బి.ఎస్.ఇ. పాఠ్యక్రమంలో పదకొండవ తరగతి విద్యార్థులు పైథాన్ భాషతో ఈ విద్య ఆరంభిస్తారు. కంప్యూటర్ సైన్సుకు గల 100 మార్కులలో 30 ప్రయోగ పరీక్షవే.

ఒక విద్యార్థి ఈ అభ్యాసం చేస్తున్నాడనుకుందాం. నాలుగుతో భాగించినప్పుడు శేషం సున్న అయితే లీపు సంవత్సరమని ఒక్క పంక్తిలో వ్రాస్తాడు. 2024 ఇచ్చి చూస్తాడు. అవునని జవాబు వస్తుంది. 2023 ఇస్తాడు, కాదని వస్తుంది. పని ముగిసిందనుకుంటాడు.

కాని ముగియలేదు. 1582లో అమలులోకి వచ్చిన గ్రెగోరియన్ పంచాంగం ప్రకారం నూరుతో నిశ్శేషంగా భాగించగల సంవత్సరం, నాలుగు వందలతో కూడ అలాగే భాగించగలిగితేనే లీపు అవుతుంది. కాబట్టి 2000 లీపు సంవత్సరం, 1900 కాదు.

ఇది పిల్లలు మాత్రమే చేసే పొరపాటు కాదు. 1983లో వెలువడిన లోటస్ 1-2-3 అనే ప్రసిద్ధ ప్రోగ్రాము 1900ను లీపు సంవత్సరంగానే లెక్కించింది. దానితో పొత్తు చెడకూడదని మైక్రోసాఫ్ట్ వారి ఎక్సెల్ అదే తప్పును తెలిసి తెలిసి కొనసాగించింది. ఎన్నడూ లేని 1900 ఫిబ్రవరి 29వ తేదీ నేటికీ దాని లెక్కలో ఉన్నది. 2008 డిసెంబరు 31న, అనగా ఆ లీపు సంవత్సరపు 366వ దినాన, అదే సంస్థ తయారుచేసిన జూన్ అనే సంగీత యంత్రాలలో ఒక రకానివన్నీ మూగవోయాయి. ఆ ఒక్క దినాన్ని ఎలా దాటాలో వాటిలోని ప్రోగ్రాముకు తెలియలేదు.

ఇటువంటి తప్పును మొదటే పట్టుకోవడం ఎలా? నలభై మంది వ్రాసిన ప్రోగ్రాములను ఒక ఉపాధ్యాయుడు పంక్తి పంక్తిగా చదవడం కష్టం. ఆయన చేయగల పని మరొకటి ఉన్నది. ప్రశ్నలను, వాటికి రావలసిన జవాబులను ఒక ప్రత్యేకమైన ఫైలులో వ్రాసి పిల్లలకు ఇవ్వవచ్చు. విద్యార్థి కంప్యూటరులోని కమాండ్ గవాక్షం తెరచి, ‘పైటెస్ట్’ అన్న ఒక్క మాట టైపు చేసి ఎంటర్ మీట నొక్కితే చాలు. నెగ్గిన ప్రతి పరీక్షకు ఒక చుక్క, ఓడిన దానికి ‘ఎఫ్’ అన్న అక్షరం తెరపై కనబడతాయి. ఆ దిగువన, రావలసిన జవాబు ఏది, వచ్చినది ఏది అన్న వివరం ఉంటుంది. యంత్రం మాట్లాడేది ఇంగ్లీషే అయినా, గుర్తుపట్టవలసిన మాటలు కొద్దే. తెలుగు మాధ్యమంలో చదివిన పిల్లవాడికి కూడ అవి వారం రోజులలో అలవాటవుతాయి.

ఈ ఆలోచన నేటిది కాదు. అమెరికాలోని రెన్సలేర్ పాలిటెక్నిక్ ఇన్‌స్టిట్యూట్‌లో జాక్ హోలింగ్స్‌వర్త్ అనే అధ్యాపకుడు, 20 మంది విద్యార్థులతో మొదలుపెట్టి 15 నెలలపాటు యంత్రం చేతనే ప్రోగ్రాములు దిద్దించి, ఆ అనుభవాన్ని 1960లో ప్రకటించాడు. అవి చిల్లుల కార్డుల రోజులు. నేడు ఢిల్లీతో సహా పలు ఐ.ఐ.టి.లు భాగస్వాములైన ఎన్.పి.టి.ఇ.ఎల్. ప్రోగ్రామింగు పాఠాలలో అభ్యాసాలను దిద్దేది యంత్రమే. అక్కడ కొన్ని పరీక్షలు విద్యార్థికి కనబడతాయి, కొన్ని కనబడవు.

కనబడనివి ఎందుకంటే, పరీక్షను మోసగించడం తేలిక. ‘1900 అయితే కాదను’ అని ఒక పంక్తి చేర్చితే ఎఫ్ పోయి చుక్క వస్తుంది. కాని 2100 వద్ద ప్రోగ్రాము మళ్ళీ బోల్తాపడుతుంది. అంతకంటె పెద్ద ప్రమాదం వేరొకటి ఉన్నది. పరీక్ష వ్రాసినవారే 1900ను మరచిపోతే తెరనిండా చుక్కలే వస్తాయి, తప్పు మాత్రం లోపల భద్రంగా ఉంటుంది. పరీక్షలు దోషం ఉన్నదని చూపగలవే గాని లేదని నిరూపించలేవని డచ్చి శాస్త్రజ్ఞుడు డైక్‌స్ట్రా ఏనాడో హెచ్చరించాడు.

కనుక అనుభవజ్ఞులు చెప్పే పద్ధతి ఒకటి. ప్రోగ్రాము మొదలుపెట్టకముందే, నియమంలోని ఒక్కొక్క భాగానికి ఒక్కొక్క ఉదాహరణ కాగితంపై వ్రాసుకోవాలి: 2023, 2024, 1900, 2000. ఈ నాలుగింటికి జవాబులు తనకు తెలిసిన తరువాతే యంత్రాన్ని అడగాలి.

యంత్రం కసురుకోదు, నలుగురిలో నవ్వులపాలు చేయదు. అర్ధరాత్రి నూరవసారి అడిగినా అదే ఓపికతో చెబుతుంది. తరగతిలో చేయి ఎత్తడానికి జంకే పిల్లలకు ఇది చిన్న మేలు కాదు. అయితే అది ఎక్కడ తప్పిందో చెబుతుంది గాని, ఎందుకు తప్పిందో చెప్పదు. పంచాంగంలో నూరు, నాలుగు వందల లెక్క ఎందుకు వచ్చిందో, ఋతువుల చక్రం ఒకసారి పూర్తయ్యే కాలం 365 దినాల ఆరు గంటలకు సుమారు పదకొండు నిమిషాలు ఎందుకు తక్కువో పిల్లవాడు అడిగితే, జవాబు చెప్పవలసినది ఉపాధ్యాయుడే. దిద్దే శ్రమ తగ్గినందువల్ల మిగిలిన సమయం ఆయన ఆ ప్రశ్నకు ఇవ్వగలిగితే, ఆ చుక్కల వల్ల కలిగిన ప్రయోజనం నిజమైనదే.