వట్టి చేతులతో ఇంటికి



దామరచర్ల ప్రాంతంలోని ఒక చిన్న సంఘంలో నేను సేవ చేస్తున్న రోజుల్లో ఒక వృద్ధ సహోదరుడు ఉండేవాడు. ఆదివారం ఆరాధన ముగిశాక గుడి అరుగు మీద కూర్చుని పిల్లలకు వేట కథలు చెప్పేవాడు. యౌవనంలో ఆయన వేటగాడు. 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం రాకముందు సంగతి అది. ఒక కథ మాత్రం పిల్లలకు చెప్పేవాడు కాదు. ఒక సాయంత్రం నాకు చెప్పాడు.

ఆ ఏడు పంట ఇంటికి చేరింది. క్రిస్మసు పండుగ అయిపోయింది. నలుగురితో కలిసి దేవరకొండ మీదుగా నల్లమల కొండలకు కణితి వేటకు బయలుదేరాడు. కొందరు దాన్ని కణుజు అంటారు. మన దేశపు దుప్పి జాతుల్లో అన్నిటికంటే పెద్దది. పెద్ద మగది 200 కిలోలకు పైగా తూగుతుంది. "ఈసారి ఊరంతటికీ మాంసం తెస్తాను" అని ఇంట్లో గొప్పగా చెప్పి బయలుదేరాడు. చేతిలో నాటు తుపాకి, మూటలో జొన్నరొట్టెలు, ఎండుమిరప కారం.

కణితి పగలు దట్టమైన పొదల్లో పడుకుంటుంది. చీకటి పడ్డాకే మేతకు, నీళ్లకు దిగుతుంది. వీళ్లు రాళ్లగుట్టలెక్కి, లోయలు దిగి, వెదురు పొదల మధ్య రాత్రంతా కదలకుండా కూర్చునేవారు. గాలి కొంచెం తిరిగితే చాలు, అది మనిషి వాసన పసిగట్టి, కాలు నేలకేసి కొట్టి, 'ఢాంక్' అని ఒక్క అరుపు అరిచేది. ఆ అరుపుతో కొండంతా మేలుకునేది. ఇక ఆ రాత్రికి వేట లేనట్టే. ఆ చలికాలం మూడుసార్లు వెళ్లాడు. మూడుసార్లూ వట్టి చేతులే.

ఇందులో వింత ఏమీ లేదు. అమెరికాలోని రాకీ పర్వతాల్లో ఎల్క్ అనే పెద్ద దుప్పి కోసం మంచి తుపాకులతో వెళ్లేవారిలో కూడా ఎక్కువమంది ఏమీ దొరకకుండానే తిరిగివస్తారు. అడవిలోనే పుట్టి పెరిగిన మన చెంచుల సంగతి చూడండి. హైమెన్‌డార్ఫ్ అనే పండితుడు 1940లో అమ్రాబాదు కొండల్లో వారిని దగ్గరగా చూసి 1943లో ఒక పుస్తకం ప్రచురించాడు. విల్లు, బాణం చేతిలో ఉన్నా, వారి ఇల్లు గడిచేది ముఖ్యంగా వేట మీద కాదనీ, తవ్వి తెచ్చుకునే దుంపలు, ఏరుకునే పండ్ల మీదనేననీ అందులో తెలిపాడు. వేట దొరకకపోవడం వేటగాని జీవితంలో ఒక భాగం.

మన సహోదరునికి నష్టం కలిగింది అడవిలో కాదు. గొప్పలు చెప్పి వెళ్లాడు కదా, వట్టి చేతులతో భార్యకు ముఖం చూపించలేకపోయాడు. ఆకలి, అలసట, సిగ్గు మూడూ కలిసిన ఆ సాయంత్రం దారిలో ఒకని దగ్గర అప్పుచేసి మేకను కొన్నాడు. దాన్ని కోయించి, వేటమాంసమని ఇంటికి తెచ్చాడు. అందరూ తిన్నారు, మెచ్చుకున్నారు. మెచ్చుకున్నారు గనుక రెండోసారీ, మూడోసారీ అలాగే చేయవలసి వచ్చింది. మందుగుండుకు చేసిన అప్పు, మేకల అప్పు, వాటి మీద వడ్డీ కలిసి తొలకరి నాటికి ఆయన కాడెద్దుల్లో ఒకటి అప్పులవాని కొట్టంలో ఉంది. ఆ ఏడు పొలం ఆలస్యంగా దున్నాడు, పంట సగమే వచ్చింది.

"అడవి నన్నేం మోసం చెయ్యలేదయ్యగారు. ఇంటికొచ్చే తొవ్వల నేనే మోసపోయిన" అన్నాడాయన.

ప్రియులారా, ఈ మాట విన్నప్పుడు నాకు ఏశావు గుర్తుకొచ్చాడు. ఆదికాండము 25వ అధ్యాయం చివరి భాగం చదవండి. అతడు నేర్పరియైన వేటగాడు. ఆ రోజు అడవి నుండి అలసి వచ్చాడు. చేతిలో వేట ఉన్నదని అక్కడ వ్రాయబడలేదు. ఉంటే తమ్ముని కుండ వైపు అలా చూసేవాడా? వేట దొరకని రోజులు అతనికి అంతకుముందు ఎన్ని గడిచాయో! అవేవీ గ్రంథములో వ్రాయబడలేదు. ఆ సాయంత్రపు బేరం మాత్రం వ్రాయబడింది. ఒక పూట చిక్కుడుకాయల వంటకానికి జ్యేష్ఠత్వమును అమ్ముకున్నాడు. ఎలాగూ చావబోతున్నాను, ఇక ఈ జ్యేష్ఠత్వము నాకెందుకు అన్నాడు. నిజంగా చనిపోయాడా? లేదు. తిని, త్రాగి, లేచి వెళ్లిపోయాడు. ఆకలి ఒక పూటలో తీరిపోయింది, పోగొట్టుకున్నది తిరిగి రాలేదు.

మన ప్రాంతంలో ఇప్పుడు వేటలు లేవు, ఉండకూడదు కూడా. కాని వట్టి చేతులతో ఇంటికి వచ్చే సాయంత్రాలు ఉన్నాయి. సాగర్ ఎడమ కాలువ క్రింద ఉన్నవారికి నీరు రాని సంవత్సరాలున్నాయి. 2023లో కృష్ణకు వరద తగ్గి సాగర్ నిండలేదు. మెట్టపొలాల వారికి బోరు మీద బోరు వేసినా దుమ్మే లేచిన రోజులున్నాయి. పంట పోవడం పాపం కాదు. దేవుడు మిమ్మల్ని విడిచిపెట్టాడని దానికి అర్థం కాదు. అయితే ఆ సాయంత్రం చేసే బేరం గురించి జాగ్రత్తపడండి.

ఖాళీ నోటు మీద సంతకం పెట్టేది ఆ సాయంత్రమే. నూటికి నెలకు 3 రూపాయల వడ్డీ అంటే ఏడాదికి 36 రూపాయలు. మూడేళ్లు నిండకముందే వడ్డీ అసలును మించిపోతుంది. ఈ లెక్క ఆకలి మీద ఉన్నవానికి తోచదు. ఉన్న ఎకరం తక్కువ ధరకు వ్రాసి ఇచ్చేదీ, కూతురి చదువు మాన్పించేదీ ఆ సాయంత్రమే. అన్నిటికంటే ఘోరమైన బేరం మరొకటి ఉంది. 1997-98లో పత్తి పంట పోయినప్పుడు వరంగల్ ప్రాంతంలో అనేకమంది రైతులు పురుగుమందు త్రాగి ప్రాణాలు తీసుకున్నారు. ఎలాగూ చావబోతున్నాను అని ఏశావు అన్న మాట మీ ఇంట్లో ఎవరి నోటనైనా వినబడితే తేలికగా తీసుకోవద్దు. ఆ రాత్రి ఆ మనిషిని ఒంటరిగా వదలవద్దు. పురుగుమందు డబ్బా ఇంట్లో ఉంచవద్దు. ఎంత రాత్రయినా మీ సేవకుని తలుపు తట్టండి, ఆసుపత్రిలో డాక్టరుకు చూపించండి. ప్రాణమే దేవుడు మనకిచ్చిన జ్యేష్ఠత్వము.

ఇప్పుడు యోహాను సువార్త 21వ అధ్యాయం తెరవండి. పేతురు, అతనితో ఉన్నవారు రాత్రంతా వల వేశారు, ఏమీ దొరకలేదు. తెల్లవారేసరికి ప్రభువు ఒడ్డున నిలిచి ఉన్నాడు. ఆయన మాట చొప్పున వల వేసి చేపలతో ఒడ్డుకు వచ్చేసరికి అక్కడ నిప్పులు, వాటి మీద చేప, ప్రక్కన రొట్టె సిద్ధంగా ఉన్నాయి. వారు పట్టిన చేపలు ఇంకా వలలోనే ఉన్నాయి! యాకోబు కుండకు వెల ఉంది, ప్రభువు వెలిగించిన నిప్పులకు వెల లేదు. ముందు తినమన్నాడు, తరువాతే పేతురుతో మాట్లాడాడు.

అందుచేత ఈ నెల రెండు సంగతులు పాటిద్దాం. మొదటిది, నష్టం కలిగిన రోజున ఏ కాగితం మీదా సంతకం చేయకండి. ఇంటికి రండి, ఉన్నదే తినండి, జరిగింది భార్యతో దాచకుండా చెప్పండి, కలిసి ప్రార్థించి పడుకోండి. తెల్లవారిన తరువాత ఆలోచించండి. అమ్మా, మీ భర్త వట్టి చేతులతో వచ్చిన నాడు మొదట మంచినీళ్లివ్వండి, తరువాత ప్రశ్నలు అడగండి. ఆ సహోదరుడు ఇంట్లో నిజం చెప్పగలిగి ఉంటే ఎద్దు పోయేది కాదు.

రెండవది, మన సంఘంలో అప్పులిచ్చే విశ్వాసులు కూడా ఉన్నారు. పొరుగువాడు అలసి వచ్చిన సాయంత్రం మీ పొయ్యి మీద ఉన్నది యాకోబు కుండా, ప్రభువు నిప్పులా? మిమ్మల్ని మీరే పరీక్షించుకోండి.

ప్రార్థన: ప్రభువా, పంట చేతికి రాని సంవత్సరములో మా చేతులను నీవే పట్టుకొనుము. ఆకలి మీద అమ్ముకొనక కనిపెట్టుకొనే ఓర్పును, అలసి వచ్చిన వానికి వెల అడగక పెట్టే మనస్సును మాకు దయచేయుము. యేసు నామమున అడుగుచున్నాము తండ్రీ, ఆమేన్.