ఇలాజ్ ముఫ్త్, మరి కిరాయ?

ఎవరికైనా కేన్సర్ అని తెలిస్తే మనవాళ్లు దువా చేస్తారు, ఇయాదత్‌కు పండ్లు తీసుకెళ్తారు. "హైదరాబాద్ ఎట్లా పోతారు?" అని అడిగేవాళ్లే తక్కువ.

ఎంఎన్‌జె కేన్సర్ ఆసుపత్రిలో ఆరోగ్యశ్రీ కింద ఇలాజ్ ముఫ్తే. కానీ కందకుర్తి నుంచి బోధన్, నిజామాబాద్ మీదుగా అక్కడిదాకా సఫర్? కీమో ఒక్కసారితో అయ్యేది కాదు, నెలల తరబడి తిరగాలి. 108 అర్జెంటు హాలత్‌కే వస్తుంది. తోడొచ్చే బేటాకు ఆ రోజు మజ్దూరీ పోతుంది. అందుకే ఎందరో అమ్మీలు "నాకు బాగానే ఉంది బేటా" అని తారీఖు దాటేస్తారు. ఆ నాగాతో మర్జ్ ముదురుతుంది.

సహూలత్‌లు ఉన్నాయి. ఆసుపత్రి సర్టిఫికెట్ చూపిస్తే రైలు స్లీపర్, థర్డ్ ఏసీలో మరీజ్‌కు టికెట్ పూర్తిగా మాఫీ, తోడు వ్యక్తికి 75 శాతం రాయితీ. 2023 డిసెంబర్ 9 నుంచి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్లకు టికెట్ లేదు. అయితే కీమో తర్వాత వాంతులతో, నీరసంతో ఉన్న మనిషి కిక్కిరిసిన బస్సులో ఎట్లా రావాలి?

ప్రతి మస్జిద్ కమిటీ గాడీ ఉన్నవాళ్ల ఫెహ్‌రిస్త్ రాసుకోవాలి. వంతులవారీగా కనీసం నిజామాబాద్ స్టేషన్ దాకా దింపాలి, తిరిగి తేవాలి. డీజిల్‌కు సద్‌ఖా డబ్బు వాడాలి. మరీజ్ మజహబ్ అడగొద్దు. ఇది ఎహ్‌సాన్ కాదు, పొరుగువాళ్ల హఖ్.