అంబలిని అంబలి అనే పిలుద్దాం

పొద్దున్నే కేబీఆర్ పార్కు చుట్టూ నడిచి వచ్చేవాళ్లకు చెమట ఆరకముందే గ్లాసుడు రాగి జావ దొరుకుతుంది. హైదరాబాద్‌లో పార్కు గేట్ల దగ్గర ఈ బండ్లు ఇప్పుడు మామూలే. మజ్జిగ కలిపి, ఉల్లిపాయ తరుగు, కాస్త కొత్తిమీర వేసి ఇస్తారు. అక్కడి నుంచి జూబ్లీహిల్స్ కేఫేల్లోకి అడుగుపెడితే ఇదే పదార్థం పింగాణీ గిన్నెలోకి, పరాయి పేరులోకి మారుతుంది. మెనూ కార్డు మీద అది ‘మిల్లెట్ పారిడ్జ్’. పైన నాలుగు బాదం పలుకులు. ధర సంగతి అలా ఉంచుదాం. అభ్యంతరమంతా ఆ పేరుతోనే.

పారిడ్జ్ అన్న మాటకు గొప్ప వంశవృక్షమేమీ లేదు. కుండలో ఉడికినదాన్ని ఫ్రెంచివాళ్లు ‘పొటాజ్’ అన్నారు. ఇంగ్లీషులో అది ‘పాటేజ్’ అయి, 16వ శతాబ్దంలో జనం నోళ్లలో నలిగి ‘పారిడ్జ్’ అయింది. మొదట్లో ఆ పేరు కూరగాయలో మాంసమో వేసి కాచిన చిక్కటి పులుసుది. ఓట్స్ జావకు అతుక్కున్నది తర్వాతి కాలంలో. కుండలో కాగినది అన్నంత మాత్రమే దాని అర్థం. మన జావకు అది కొత్తగా తెచ్చిపెట్టే పరువేమీ లేదు.

గంజి మాత్రం అంతకంటే చాలా దూరం తిరిగింది. తమిళ, మలయాళాల్లో కంజి, తెలుగు, కన్నడాల్లో గంజి. పడమటి తీరంలో దిగిన పోర్చుగీసువాళ్లు ఆ మాటను పట్టుకున్నారు. వైద్యుడు గార్సియా ద ఓర్తా 1563లో గోవాలో అచ్చు వేయించిన గ్రంథంలో మిరియాలు, జీలకర్ర వేసి రోగికి తాగించే బియ్యపు నీళ్ల ప్రస్తావన ఈ పేరుతోనే ఉంది. బ్రెజిల్‌లో కోడిమాంసం, బియ్యం కలిపి కాచే సూప్‌ను ఇప్పటికీ ‘కాంజ’ అంటారు. ఇంగ్లీషువాళ్లు అదే మాటను ‘కాంజీ’గా పలికి, చైనావాళ్ల బియ్యపు జావకూ తగిలించారు. జూబ్లీహిల్స్‌లో చైనీస్ రెస్టారెంటుకు వెళ్లి కాంజీ అడిగే తెలుగువాళ్లు తమకు తెలియకుండానే అమ్మమ్మ వార్చిన గంజి పేరు పలుకుతున్నారు. ఈ సంగతి బడి పిల్లలకు చెప్పాలి. మన వంటింటి మాట సముద్రాలు దాటి తిరిగొచ్చిందంటే వాళ్లకు ఎంత సంబరంగా ఉంటుంది!

ఇంత తిరిగిన మాటకు గౌరవం మాత్రం దక్కలేదు. ఇంగ్లీషు పటాలాల్లో సిపాయిలను బంధించే కొట్టును ‘కాంజీ హౌస్’ అనేవారు. బ్రిటన్‌లోనేమో వాడుక భాషలో పారిడ్జ్ అంటే జైలు శిక్షే. 1974లో బీబీసీలో మొదలైన జైలు సీరియల్‌కు ఆ పేరే పెట్టారు. మన దగ్గర ‘అంబలి తాగేవాడికి మీసాలెత్తేవాడొకడు’ అనే సామెత ఉంది. పల్నాడులో జొన్నకూడు మింగలేక శ్రీనాథుడు విసుక్కున్నాడని చెప్పే చాటువుల్ని తరతరాలుగా నవ్వుకుంటూ వింటున్నాం. ఆ జొన్నకూడు తిని ఆ నేలను దున్నినవాళ్ల వైపు నుంచి పద్యం చెప్పినవాళ్లెవరూ గుర్తుకురారు. బౌద్ధుల వినయ పిటకంలో మాత్రం బుద్ధుడు ‘యాగు’ అనే జావకు పది మేలిగుణాలు చెప్పాడు. ఆకలి, దప్పిక తీరుస్తుందన్నవీ అందులో ఉన్నాయి.

ఇక ఫిల్మ్‌నగర్ సంగతి. తెలుగు తెర మీద గంజికి చాలాకాలంగా రెండే వేషాలు. చొక్కాకు పెడితే పెద్దరికం, గిన్నెలో పోస్తే దరిద్రం. నాయకుడి తల్లి కష్టం చూపాలంటే గంజి చాలు, వేరే సంభాషణ అక్కర్లేదు. ఆ కష్టం అబద్ధం కాదు. కరువుల్లో గంజి కోసం బారులు తీరిన నేల ఇది. కానీ జొన్న గట్కను ఇష్టంగా తిన్న ఇళ్లున్నాయి. తిరుపతి గంగమ్మ జాతరలో అమ్మవారికి అంబలి నైవేద్యమవుతుంది. రాయలసీమలో సంకటి ముద్ద లేకుండా చుట్టానికి మర్యాద జరగదనుకునేవాళ్లున్నారు. ఆ ఇష్టం, ఆ మర్యాద తెరకెక్కడం అరుదు. ఎక్కితే ఎంత బలంగా ఉంటుందో ‘బలగం’ సినిమా 2023లో చూపించింది. చావింట పెట్టిన ముద్దను కాకి ముట్టకపోవడమే ఆ కథకు ఇరుసు.

రచయితలు, సహాయ దర్శకులు, జూనియర్ ఆర్టిస్టులు కృష్ణానగర్ ఇరుకు గదుల్లోకి అన్ని జిల్లాల నుంచీ వస్తారు. ఒకే గింజను ఒకరు తైదలంటారు, ఒకరు చోళ్లంటారు, ఇంకొకరు రాగులంటారు. పలచగా కాస్తే జావ, పులియబెట్టి కాస్తే అంబలి, గట్టిపడేదాకా కెలికితే సంకటి. జొన్నరవ్వతో వండితే గట్క. ఇన్ని తేడాలనూ పారిడ్జ్ ఒక్క మాటలో చెరిపేస్తుంది. శ్రీకాకుళం యాసను, చిత్తూరు యాసను, తెలంగాణ యాసను ఇప్పుడు గర్వంగా పలికిస్తున్న పరిశ్రమ ఆ నోళ్లు తినే తిండి పేర్లనూ పలికించాలి.

ఈ తిండి విలువకు ఆధారాలు పక్కనే ఉన్నాయి. రాజేంద్రనగర్‌లో చిరుధాన్యాల జాతీయ పరిశోధన సంస్థ ఉంది. పటాన్‌చెరులో ఇక్రిశాట్ 1972 నుంచి జొన్న, సజ్జల మీద పని చేస్తోంది. వంద గ్రాముల రాగుల్లో సుమారు 350 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటే, పాలిష్ పట్టిన బియ్యంలో పది కూడా ఉండదు. ఐక్యరాజ్య సమితి 2023ను చిరుధాన్యాల సంవత్సరంగా ప్రకటించింది. ఆ ఏడాది మార్చిలోనే ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం బడి పిల్లలకు వారానికి మూడు రోజులు రాగి జావ ఇవ్వడం మొదలుపెట్టింది. పథకం కాగితాల్లోనూ, పిల్లల నోళ్లలోనూ అది రాగి జావే. కేఫే మెనూలు రాసేవాళ్లు ఆ కాగితం ఒక్కసారి చూస్తే బాగుండు.

మే నెల ఎండలో షూటింగ్ లైట్లు మోసేవాళ్లకు, గుంపు సీను కోసం పొద్దున్నుంచీ నిలబడేవాళ్లకు టీ మీద టీ పోస్తే ఒంట్లో ఏం మిగులుతుంది? ముందు రాత్రి పిండి కలిపి పులియబెట్టి, తెల్లవారకముందే ఉడికించి, చల్లారాక మజ్జిగ పోస్తే అంబలి సిద్ధం. ప్రొడక్షన్ వాళ్లకు ఇది పెద్ద ఖర్చు కాదు. టిఫిన్ల బల్ల మీద ఇడ్లీ పక్కన ఒక పెద్ద కుండ పెట్టాలి. హీరో కారవాన్‌లోకీ ఆ కుండలోదే వెళ్లాలి. కుండ మీద అంటించే కాగితం మీద తెలుగులో, పెద్ద అక్షరాలతో ‘తైద అంబలి’ అని రాయాలి.